యోగాభ్యాసంలో నమ్మకం: అది శరీరం దాకా చేరేదెంత?

ఉబ్బసంతో బాధపడేవారి మీద 2011లో హార్వర్డ్ వైద్య పరిశోధకులు చేసిన ఒక ప్రయోగం గురించి యోగా నేర్చుకునేవారూ నేర్పేవారూ తప్పక తెలుసుకోవాలి. అందులో పాల్గొన్న ప్రతి రోగికీ వేర్వేరు రోజుల్లో నాలుగు రకాల అనుభవాలు కల్పించారు: ఒకనాడు శ్వాసనాళాలను తెరిచే సాల్బుటమాల్ అనే నిజమైన మందున్న ఇన్‌హేలర్ ఇచ్చారు, ఒకనాడు అచ్చం అలాగే కనిపిస్తూ లోపల మందు లేని ఇన్‌హేలర్ ఇచ్చారు, ఒకనాడు సూది చర్మంలోకి దిగకుండానే ఆక్యుపంక్చర్ చేసినట్టు నటించారు, ఒకనాడు ఏ చికిత్సా చేయకుండా కాసేపు కూర్చోబెట్టి పంపారు. ప్రతిసారీ రోగిని ఎలా ఉందని అడిగారు, యంత్రంలోకి బలంగా ఊదించి ఒక సెకనులో ఎంత గాలి వదలగలుగుతున్నాడో కూడా కొలిచారు. నిజమైన మందుతో 50 శాతం, మందు లేని ఇన్‌హేలర్‌తో 45 శాతం, ఉత్తుత్తి ఆక్యుపంక్చర్‌తో 46 శాతం మెరుగనిపించిందని రోగులు చెప్పారు. ఏమీ చేయని రోజున ఆ మెరుగు 21 శాతమే. యంత్రం మాత్రం వేరే లెక్క చూపింది. నిజమైన మందు ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని 20 శాతం పెంచితే, మిగిలిన మూడు సందర్భాల్లోనూ పెరుగుదల 7 శాతం దగ్గరే ఆగిపోయింది.

రోగులు అబద్ధం చెప్పలేదు. ఆయాసం తగ్గిన భావన వారికి నిజంగానే కలిగింది, అలా కలగడం చిన్న విషయమూ కాదు, ఎందుకంటే ఉబ్బసం ఉన్న మనిషిని కుంగదీసేది ముందుగా ఆ ఆయాసపు భయమే. అయితే బిగుసుకున్న శ్వాసనాళాలు ఆ భావన వల్ల తెరుచుకోలేదు. బాధను తగ్గించడంలో నమ్మకానికి ఉన్న శక్తీ, దేహధాతువులను మార్చడంలో దానికున్న పరిమితీ ఈ ఒక్క ప్రయోగంలో పక్కపక్కనే కనిపిస్తాయి. యోగా వల్ల ఫలానా జబ్బు తగ్గిందని వినబడే ప్రతి మాట వెనకా ఈ రెండూ కలగలిసి ఉంటాయి కనుక, వాటిని విడదీసి చూడటం యోగాను తక్కువ చేయడం అనుకోనక్కరలేదు. దాన్ని గౌరవంతో అర్థం చేసుకోవడానికి అదే సరైన దారి.

నమ్మకం బాధను తగ్గించే దారి కొంతవరకు తెలిసినదే. జ్ఞానదంతాలు తీయించుకున్న రోగులకు 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో లెవిన్, గోర్డన్, ఫీల్డ్స్ అనే ముగ్గురు పరిశోధకులు మందు లేని ఇంజెక్షన్ ఇచ్చి చూశారు. కొందరికి దానితోనే నొప్పి తగ్గింది. నల్లమందు జాతి ఔషధాల ప్రభావాన్ని అడ్డుకునే నాలాక్సోన్ ఇచ్చినప్పుడు ఆ ఉపశమనం దెబ్బతింది. అంటే, నొప్పి తగ్గుతుందనే ఆశ మెదడు చేత దాని సొంత నొప్పి నివారిణులను విడుదల చేయించిందన్నమాట. ఇటలీలోని ట్యూరిన్‌లో ఫాబ్రిజియో బెనెడెట్టి ఇదే విషయాన్ని మరో వైపు నుంచి చూపాడు. శస్త్రచికిత్స అయిన రోగికి డాక్టరు ఎదురుగా నిలబడి నొప్పి మందు ఇస్తున్నానని చెప్పి ఎక్కించినప్పటి కన్నా, రోగికి తెలియకుండా యంత్రం ద్వారా అదే మోతాదు ఎక్కించినప్పుడు మందు తక్కువగా పనిచేసింది. ఫలానా డాక్టరుగారి హస్తవాసి మంచిదని ఊళ్ళలో చెప్పుకునే మాటను కొట్టిపారేయడానికి వీల్లేదని దీన్ని బట్టి అర్థమవుతుంది.

ఈ దారి రెండు వైపులా పనిచేస్తుంది. కీడు జరుగుతుందన్న ఎదురుచూపు కీడును అనుభవింపజేస్తుంది. మన ప్రాంతంలో నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పులతో ఆసుపత్రికి వెళ్ళినవారు తరచుగా వినే మాటలు రెండు: గుజ్జు అరిగిపోయింది, డిస్క్ జరిగింది. స్కానింగ్ కాగితం చేతికి వచ్చిన రోజు నుంచి ఆ మనిషి వంగడం మానేస్తాడు, బిందె ఎత్తడం మానేస్తాడు, కింద కూర్చోవడం మానేస్తాడు. ఏ నొప్పీ లేని మామూలు మనుషుల వెన్నుపూసల స్కానింగులను పరిశీలించిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో ఒక సమీక్ష వెలువడింది. డిస్కులు అరిగిన గుర్తులు ఇరవయ్యేళ్ళ వయసువారిలో 37 శాతం మందికీ, ఎనభయ్యేళ్ళవారిలో 96 శాతం మందికీ కనిపించాయి. నెరిసిన జుట్టులాగే ఆ అరుగుదలలో చాలా భాగం వయసుతో వచ్చేదే. స్కానింగ్‌లో కనిపించినది అబద్ధం కాకపోయినా, తన నడుము గాజుబొమ్మ అయిపోయిందని రోగి దానినుంచి తీసుకున్న అర్థం మాత్రం చాలాసార్లు తప్పు.

ఆ తప్పు అర్థమే శరీరంలోకి దిగుతుంది. నొప్పి వస్తుందన్న భయంతో కదలిక తగ్గుతుంది. కదలిక తగ్గితే నడుము కండరాలు బలహీనపడి బిగుసుకుంటాయి. బిగుసుకున్న కండరం చిన్న కదలికకే నొప్పి పుట్టిస్తుంది. ఆ నొప్పి మొదటి భయాన్ని రుజువు చేసినట్టు తోస్తుంది. దీర్ఘకాలిక నొప్పిని అధ్యయనం చేసే మనస్తత్వవేత్తలు భయం, తప్పించుకోవడం అనే ఈ చక్రాన్ని పాతికేళ్ళకు పైగా వివరిస్తూ వచ్చారు. నడుము నొప్పి విషయంలో యోగా తరగతి చేసే మేలులో పెద్ద భాగం ఈ చక్రాన్ని తెంపడమేనని అనుకోవడానికి మంచి ఆధారాలున్నాయి. మార్జాలాసనంలో నేల మీద చేతులూ మోకాళ్ళూ ఆనించి వెన్నును మెల్లగా పైకీ కిందికీ కదిపిన మనిషికి మొదటి వారంలో తెలిసేది ఒక్కటే: వంగినా ఏమీ విరగలేదు. తర్వాతి వారం భుజంగాసనం, ఆ తర్వాత కూర్చుని ముందుకు వంగడం. ఎవరో చెప్పగా విన్న భరోసాకూ, తన శరీరం మీద తానే చూసుకున్న భరోసాకూ ఉన్న తేడా ఇక్కడ తెలుస్తుంది. యోగా తరగతిలో నమ్మకాన్ని మాటలతో నూరిపోయనక్కరలేదు. అది అభ్యాసంలో నుంచే పుడుతుంది.

అమెరికాలో కరెన్ షెర్మన్ బృందం 2011లో ప్రచురించిన అధ్యయనం ఈ సందర్భంలో చాలా విలువైనది. దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 228 మందిలో కొందరికి యోగా, కొందరికి మామూలు సాగదీత వ్యాయామాలు నేర్పారు, మిగిలినవారికి నడుము సంరక్షణ గురించిన పుస్తకం ఇచ్చారు. పుస్తకం చదివినవారి కన్నా యోగా చేసినవారికి బాగా మేలు జరిగింది, కానీ సాగదీత వ్యాయామాలు చేసినవారికి కూడా దాదాపు అంతే మేలు జరిగింది. ఆ మేలు ఏ మార్గంలో కలిగిందని అదే బృందం తర్వాత లెక్కగట్టినప్పుడు, అన్నిటికన్నా బలంగా నిలిచిన అంశం తన నొప్పిని తానే అదుపు చేసుకోగలనన్న ఆత్మవిశ్వాసం. నడుము వ్యాయామం చేసిన గంటలకూ అందులో కొంత వాటా ఉంది. ఈ ఫలితం చూసి యోగాలో ప్రత్యేకత ఏమీ లేదని తేల్చేవారున్నారు. అది తొందరపాటు. ఒక మనిషి చేత నొప్పిలోనూ వారం తర్వాత వారం ఆ గంటలు గడిపించేది ఏమిటన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంటుంది. నమ్మకం ప్రధానంగా పనిచేసే చోటు అదే.

యోగశాస్త్రం కూడా నమ్మకాన్ని సరిగ్గా అక్కడే పెట్టింది. పతంజలి యోగసూత్రాల్లో మొదటి భాగమైన సమాధిపాదంలోని ఇరవయ్యో సూత్రం శ్రద్ధ, వీర్యం, స్మృతి, సమాధి, ప్రజ్ఞ అనే వరుసను చెబుతుంది. శ్రద్ధ అంటే చిత్తప్రసన్నత అనీ, అది మేలు కోరే తల్లిలా యోగిని కాపాడుతుందనీ ఆ సూత్రాల మీది వ్యాఖ్యానమైన వ్యాసభాష్యం వివరిస్తుంది. ఆ శ్రద్ధ నుంచి ఉత్సాహం, ఉత్సాహం నుంచి స్మృతి, స్మృతి నుంచి ఏకాగ్రత, దానినుంచి వివేకం కలుగుతాయని భాష్యకారుడు చెప్పాడు. గమనించవలసిందేమంటే ఆ వరుసలో శ్రద్ధ ఫలితాన్ని నేరుగా ఇవ్వదు, పనిలోకి దించుతుంది. అభ్యాసం గట్టిపడటానికి ఏమి కావాలో చెప్పిన పద్నాలుగో సూత్రం కూడా దీర్ఘకాలం, ఎడతెగనితనం, ఆదరం అనే మూడింటినీ కలిపి అడుగుతుంది. 2025 జూన్ 21న విశాఖపట్నం సముద్రతీరం పొడవునా మూడు లక్షల మందికి పైగా ఒకేసారి ఆసనాలు వేయడం ఉత్సాహం కలిగించిన సందర్భమే. ఆ ఉత్సాహం ఎంతమంది ఇళ్ళలో జూలై, ఆగస్టు నెలల తెల్లవారుజాముల దాకా సాగిందన్నదాన్ని బట్టే వారి రక్తపోటు మీద, నిద్ర మీద దాని ప్రభావం ఉంటుంది.

నమ్మకంతో నిమిత్తం లేకుండా శరీరం మీద పనిచేసే అంశాలు కూడా యోగాలో ఉన్నాయి, వాటిని విడిగా చూపిన ఒక అందమైన ప్రయోగం ఉంది. ఇటలీలోని పావియా నగరంలో లూచానో బెర్నార్డి బృందం 23 మంది చేత ఒకసారి లాటిన్‌లో మరియమ్మ జపమాల చెప్పించింది, మరోసారి ఓం మణి పద్మే ఓం అనే మంత్రం జపింపజేసింది. ఫలితాలు 2001లో వెలువడ్డాయి. రెండు జపాలూ శ్వాసను నిమిషానికి సుమారు ఆరుసార్లకు తగ్గించాయి. రక్తపోటులోని హెచ్చుతగ్గులకు గుండె వేగాన్ని సర్దే సహజ వ్యవస్థ ఆ లయలో చురుకైంది. ప్రార్థనలు రెండు వేర్వేరు మతాలవి, వాటి వెనక ఉన్న విశ్వాసాలు వేరు. గుండె స్పందించింది శ్వాస లయకు. గాలి చలిస్తే మనసు చలిస్తుంది, అది నిలిస్తే మనసు నిలుస్తుందని హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథం చెప్పిన దానిలోని శరీరధర్మం ఇదే. ప్రాణాయామం చేసేవారికి దానిమీద గొప్ప విశ్వాసం లేకపోయినా నెమ్మది శ్వాస తన పని తాను చేస్తుంది. విశ్వాసం ఉన్నవారు దాన్ని మానకుండా చేస్తారు.

నమ్మకం వాటానూ శ్వాస వాటానూ ప్రయోగశాలలో విడదీయడం ఎంత కష్టమో ప్రాణాయామం, ఉబ్బసాల పరిశోధన చరిత్రే చెబుతుంది. మాత్ర విషయంలో మందు ఉన్నదీ లేనిదీ ఒకేలా తయారు చేయవచ్చు. ఉత్తుత్తి ఆసనం ఎలా తయారు చేయాలి? చేసేవారికి తాము యోగా చేస్తున్నామని తెలుసు, నేర్పేవారికి నేర్పుతున్నామని తెలుసు. దీనికి ఒక తెలివైన పరిష్కారం జైపూర్ గులాబీ నగరం పేరు పెట్టుకున్న ఒక చిన్న శ్వాస పరికరంతో దొరికింది. అందులో నుంచి ఊపిరి తీసేవారికి నిదానంగా, లోపలికి తీసుకున్న దానికి రెట్టింపు సమయం బయటికి వదలడం తప్పనిసరి అవుతుంది. ఆ కట్టడి లేని జత పరికరం చూడటానికి అలాగే ఉంటుంది. డాక్టర్ వీరేంద్ర సింగ్, ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ వైద్యులు కలిసి 18 మంది స్వల్ప ఉబ్బస రోగులతో చేసిన ఈ పరీక్ష 1990లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. శ్వాసనాళాలు చిరాకుపడి ముడుచుకునే గుణం ప్రాణాయామ లయ వల్ల తగ్గినట్టు కనిపించింది. ఊపిరితిత్తుల సామర్థ్యంలో వచ్చిన తేడా నిర్ధారణకు సరిపోలేదు. పదమూడేళ్ళ తర్వాత నాటింగ్‌హామ్‌లోనే 90 మందితో, మరింత ఎక్కువ కాలం అదే పరికరాన్ని పరీక్షించినప్పుడు ఆ మొదటి లాభం కూడా కనిపించలేదు. శాస్త్రం సాగవలసిన తీరు ఇదే. మొదటి ఫలితాన్ని ఊరూరా చాటి రెండోదాన్ని మరిచిపోవడం యోగాకు మేలు చేయదు.

ఆశ పరిశోధకులను కూడా వదలదు. ప్రపంచవ్యాప్తంగా యోగా మీద జరిగిన 306 నియంత్రిత ప్రయోగాలను 2015లో హోల్గర్ క్రామర్ బృందం సమీక్షించగా, పదింట తొమ్మిది వంతులు యోగాకు అనుకూలంగా తేలాయి, అందులోనూ మన దేశంలో జరిగినవి మరింత ఎక్కువగా అనుకూలంగా ఉన్నాయి. ఇక్కడి గురువులు మెరుగ్గా నేర్పుతారన్నది ఒక వివరణ కావచ్చు. పాల్గొన్నవారూ నేర్పినవారూ కొలిచినవారూ అందరూ ముందే మేలును ఆశించి ఉండటం మరో వివరణ. రెండోదాన్ని పక్కన పెట్టడం నిజాయితీ అనిపించుకోదు.

హృద్రోగం విషయంలో మన దేశం చేసిన పెద్ద ప్రయత్నం ఈ చర్చకు ఆయువుపట్టు. దొరైరాజ్ ప్రభాకరన్ నాయకత్వంలో 24 ఆసుపత్రుల్లో, గుండెపోటు నుంచి బయటపడిన 3,959 మందితో యోగా ఆధారిత పునరావాసాన్ని పరీక్షించారు. పన్నెండు వారాల్లో 13 తరగతులు. ఫలితాలు 2020లో ప్రచురితమయ్యాయి. మరణం, మళ్ళీ గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ప్రమాదాలు యోగా వర్గంలో కొంత తక్కువగా ఉన్నా, ఆ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పగలిగినంత లేదు. రోగులు తమ ఆరోగ్యానికి ఇచ్చుకున్న మార్కులు, గుండెపోటుకు ముందున్న పనుల్లోకి తిరిగి వెళ్ళగలగడం మాత్రం యోగా చేసినవారిలో స్పష్టంగా మెరుగ్గా ఉన్నాయి. గుండెపోటు వచ్చిన మనిషి మెట్లెక్కడానికి, పొలం వెళ్ళడానికి, చివరికి గట్టిగా నవ్వడానికి కూడా జంకే స్థితి తెలిసిన కుటుంబాలకు ఈ రెండో ఫలితం విలువ విడమరిచి చెప్పనక్కరలేదు.

అదే పరిశోధనలో కనీసం 10 తరగతులకు హాజరైనవారిని మాత్రమే విడిగా చూసినప్పుడు ప్రమాదాలు గణనీయంగా తగ్గినట్టు కనిపించింది. దీన్ని చదివేటప్పుడు 1980లో వెలువడిన మరో పాత హృద్రోగ పరిశోధన గుర్తుంచుకోవాలి. కొలెస్ట్రాల్ తగ్గించే క్లోఫిబ్రేట్ మాత్రను పరీక్షించిన ఆ అధ్యయనంలో, మందు లేని మాత్రలు ఇచ్చినవారిని రెండు భాగాలుగా చూశారు. ఆ వట్టి మాత్రలను క్రమం తప్పకుండా వేసుకున్నవారిలో ఐదేళ్ళలో 15 శాతం మంది మరణించగా, సరిగా వేసుకోనివారిలో 28 శాతం మంది మరణించారు. మాత్రలో ఏమీ లేదు. క్రమం తప్పని మనిషిలో మాత్రం ఎన్నో ఉంటాయి: బీడీ మానేయగలగడం, వేళకు తినడం, డాక్టరు చెప్పిన రోజున వెళ్ళడం, ఇంట్లో ఆదరించేవారు ఉండటం, మంచం పట్టనంత ఆరోగ్యం ముందే ఉండటం. పది, అంతకు మించి యోగా తరగతులకు వెళ్ళగలిగినవారి విషయంలోనూ ఇవన్నీ లెక్కలోకి రావాలి. నమ్మకం ఆరోగ్యాన్ని ఇచ్చిందా, నమ్మకంతో పాటు జీవితంలో కుదిరిన క్రమశిక్షణ ఇచ్చిందా అన్నది ఒక్కోసారి ఎంత మంచి ప్రయోగమూ తేల్చలేదు. రోగికి మాత్రం ఆ రెంటినీ విడదీసుకోవలసిన అవసరం లేదు. తెల్లవారుజామున చాప పరవడంతో మొదలయ్యే క్రమం రోజంతటినీ సర్దుతుంది.

ఊహాశక్తి శరీరాన్ని నేరుగా తాకిన సందర్భాలు లేకపోలేదు. టిబెట్ బౌద్ధ యోగులు సాధన చేసే తుమ్మో ధ్యానంలో బొడ్డు కింద జ్వాల వెలుగుతున్నట్టు భావన చేస్తూ బలంగా ఊపిరి బిగబడతారు. సింగపూర్ విశ్వవిద్యాలయానికి చెందిన మరియా కోజెవ్నికోవ్ 2013లో ప్రచురించిన పరిశోధనలో ఆ సాధకుల శరీరాంతర్గత ఉష్ణోగ్రత 38.3 డిగ్రీల సెల్సియస్ వరకు చేరింది. శ్వాస ప్రక్రియ వేడిని పుట్టిస్తే, జ్వాల భావన ఆ వేడిని ఎక్కువసేపు నిలబెట్టిందని ఆమె వివరించింది. ఏళ్ళ సాధన, కచ్చితమైన శ్వాస, నిలకడైన భావన మూడూ కలిసినచోట వచ్చిన ఫలితమిది. కళ్ళు మూసుకుని ఆరోగ్యంగా ఉన్నానని అనుకుంటే చాలుననే బోధకు దీన్ని సాక్ష్యంగా వాడుకోవడం అన్యాయం.

అటువంటి బోధ ప్రాణాల మీదికి కూడా తెస్తుంది. మొదటి రకం మధుమేహం ఉన్న పిల్లవాడికి ఇన్సులిన్ మానిపిస్తే ఏ ప్రాణాయామమూ ఆ లోటు పూడ్చలేదు, ఎందుకంటే క్లోమగ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే కణాలే నశించి ఉంటాయి. నయం చేయదగిన క్యాన్సర్లకు వైద్యం మాని ప్రత్యామ్నాయ పద్ధతులనే ఆశ్రయించినవారిలో మరణ ప్రమాదం రెండున్నర రెట్లు ఉన్నట్టు అమెరికాలో 2018లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. ఇంకొక గాయం కంటికి కనిపించదు. జబ్బు తగ్గనప్పుడు నీ నమ్మకంలోనే లోపముందని రోగికి చెప్పడం వల్ల, శరీరబాధకు తోడు అపరాధభావం కూడా అంటుకుంటుంది. హఠయోగ ప్రదీపిక ఈ నేరాన్ని రోగి మీద మోపలేదు. సరైన ప్రాణాయామం వల్ల రోగాలు నశిస్తాయని చెప్పిన శ్లోకమే సరికాని అభ్యాసం వల్ల రోగాలు పుడతాయని కూడా హెచ్చరించింది. అక్కడ తూచింది అభ్యాసాన్ని.

ఆచరణలో దీనర్థం సూటిగానే ఉంటుంది. ఉబ్బసం ఉన్నవారు ప్రాణాయామం మొదలుపెడితే ఊపిరి వదిలే వేగాన్ని కొలిచే పీక్ ఫ్లో మీటరును ఇంట్లో ఉంచుకుని రోజూ ఊది అంకె రాసుకోవాలి. ఆయాసం తగ్గినట్టున్నా ఆ అంకె మారకపోతే ఇన్‌హేలర్ తగ్గించకూడదు. మధుమేహం ఉన్నవారికి మూడు నెలల సగటు చక్కెర పరీక్ష, రక్తపోటు ఉన్నవారికి ఒకే వేళకు తీసిన కొలతల వరుస ఆ పని చేస్తాయి. నడుము నొప్పి, తలనొప్పి, నిద్రలేమి, ఆందోళనల విషయంలో రోగి చెప్పే మాటే అసలు కొలమానం. అక్కడ బాగుందనిపించడమే బాగుండటం, దాన్ని మరో యంత్రంతో రుజువు చేయనక్కరలేదు.

ఇక యోగా నేర్పేవారి మాట. వారు సర్వరోగ నివారిణి వంటి పెద్ద మాటలు వాడకపోతే శిష్యుల్లో విశ్వాసం సడలుతుందన్న భయం అక్కరలేదు. హార్వర్డ్ పరిశోధకుడు టెడ్ కాప్చుక్ 2010లో పేగుల చికాకు వ్యాధి ఉన్న 80 మందిలో సగం మందికి, ఇవి మందు లేని మాత్రలని ముందే చెప్పి, అయినా ఇటువంటి మాత్రలు కొందరికి మేలు చేసినట్టు తెలిసిందని వివరించి ఇచ్చాడు. మూడు వారాల్లో, ఏ మాత్రా వేసుకోనివారి కన్నా వారికి ఎక్కువ ఉపశమనం కలిగింది. నిజం చెప్పినా ఆశ చావలేదు. శిష్యుడి నడుము మీద చెయ్యి వేసి ఇది విరిగేది కాదు, మెల్లగా వంగండి, నొప్పి పెరిగితే ఆగండి అని చెప్పే గురువు తన వాటాగా చేయవలసిన వైద్యం చేస్తున్నట్టే. మందు ఎప్పుడు తగ్గించాలో చెప్పే పని మాత్రం కొలతల పట్టిక చూసి డాక్టరు చేయాలి.